"అర్థమైందా?" అన్న ప్రశ్నతో వచ్చిన చిక్కు

నా వైద్యవృత్తిలో ఎన్ని వేలసార్లు పలికానో లెక్కలేని మాట ఒకటి ఉంది: "అర్థమైందా?" దానికి వచ్చిన జవాబు కూడ ఇంచుమించు ప్రతిసారీ ఒక్కటే: "అర్థమైందండీ." ఈ రెండు మాటలూ కలిసి ఒక మనిషి ప్రాణం మీదకు తెచ్చాయి. ఆ సంగతి చెప్పి గాని అసలు విషయంలోకి వెళ్ళలేను.

అప్పుడు నేను ఒక కోస్తా పట్టణంలో ప్రాక్టీసు చేస్తుండేవాడిని. యాభై దాటిన రైతు కుటుంబపు ఆవిడ, చేతివేళ్ళ కీళ్ళు వాచి, తెల్లవారి లేచాక గంటసేపు పిడికిలి బిగియక బాధపడుతూ వచ్చింది. రుమటాయిడ్ కీళ్ళవాతం. మెథోట్రెక్సేట్ వ్రాశాను. ఇది చాలా మంచి మందు, కాని దానికి ఒక కఠినమైన నియమం ఉంది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. 2.5 మిల్లీగ్రాముల బిళ్ళలు మూడు, ఆదివారం నాడు, మిగిలిన ఆరు రోజులూ ముట్టుకోకూడదు. చీటీ మీద వ్రాసి, క్రింద రెండు గీతలు గీసి, నోటితో చెప్పి, "అర్థమైందామ్మా?" అన్నాను. "అర్థమైంది డాక్టరుగారూ" అంది. ఎదురుగా చీటీ ఉంది, చెవిలో నా మాట ఇంకా మోగుతూనే ఉంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన ఆమెకు నిజంగానే అర్థమైంది.

రెండు వారాలు తిరగకముందే ఆమెను మోసుకొని వచ్చారు. నోరంతా పుండ్లు, గుక్కెడు నీళ్ళు కూడ మ్రింగలేని స్థితి, పైన జ్వరం. రక్తపరీక్షలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయి ఉన్నాయి. రోజూ మూడేసి బిళ్ళలు వేసుకొన్నది. అట్ట అయిపోగానే దుకాణంలో మరొకటి కొన్నారు, అది కూడ అయ్యాక ఇంకొకటి. అక్కడా ఎవరూ అడగలేదు. ఆమెకు అంతకు మునుపు తెలిసిన బిళ్ళ రక్తపుపోటుది, అది రోజూ వేసుకోవలసినది. కొత్త మందు పాత అలవాటులోకి నిశ్శబ్దంగా జారిపోయింది. ఫోలినిక్ ఆమ్లం ఇచ్చి, ఇన్ఫెక్షన్‌కు చికిత్స చేసి, కొన్ని రాత్రులు నిద్రలేకుండా గడిపాక ఆమె తేరుకొంది. ఆమె భర్త నన్ను ఒక్కమాట అనలేదు. "మా అజాగ్రత్తేనండీ" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నన్ను వదలలేదు. ఎందుకంటే అజాగ్రత్త వారిది కాదు, నాది. నేను చెప్పిన విషయంలో తప్పు లేదు, నేను అడిగిన ప్రశ్నలో తప్పు ఉంది. అది గ్రహించడానికి నాకు మరి కొన్నేళ్ళు పట్టింది. గ్రహింపజేసినది ఏ వైద్యగ్రంథమూ కాదు, థామస్ నెల్సన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పరిశోధనలు.

నెల్సన్ అమెరికాలో, మొదట సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోను, తరువాత మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోను ఆచార్యులుగా పనిచేశారు. 2005లో మరణించారు. జ్ఞాపకశక్తిని పరిశోధించినవారు అంతకు ముందు చాలామంది ఉన్నారు. నెల్సన్ తన జీవితంలో ఎక్కువ భాగం మరొక ప్రశ్నకు ఇచ్చారు: మన జ్ఞాపకం గురించి మనకున్న అభిప్రాయం ఎంతవరకు నమ్మదగినది? "ఇది నాకు తెలుసు", "ఇది నాకు గుర్తుంటుంది", "ఇది ఇంకా రాలేదు" అని మనసు తనకు తానే ఇచ్చుకొనే ధ్రువపత్రాలు ఎంత నిజం? ఈ శాస్త్రానికి మెటాకాగ్నిషన్ అన్న పేరు 1970లలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు జాన్ ఫ్లావెల్ వలన స్థిరపడింది. తెలుగులో దానిని నేను 'ఎరుకపై ఎరుక' అంటాను. ఇంతకంటె మంచి పేరు ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఈ ఎరుక మనందరికీ అనుభవమే. పెళ్ళిపందిరిలో ఒకరు ఎదురై నవ్వుతూ పలకరిస్తారు. పేరు నాలుక చివరన ఉంటుంది, క్రిందకు దిగదు. కాని తెలుసునన్న సంగతి మాత్రం గట్టిగా తెలుసు. పది పేర్లు వినిపిస్తే సరైనది పట్టుకోగలమని ధైర్యం ఉంటుంది. 1965లో జోసెఫ్ హార్ట్ ఈ 'తెలుసునన్న భావన'ను ప్రయోగశాలలోనికి తెచ్చి, అది వట్టి భ్రమ కాదని, జవాబు చెప్పలేకపోయినా తెలుసునని భావించిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులలో నుండి సరైనదానిని జనం ఎక్కువగా గుర్తుపడతారని చూపారు. అంటే మనసులో ఒక కొలబద్ద ఉంది. నెల్సన్ ఆ కొలబద్ద ఎప్పుడు సరిగా చూపుతుందో, ఎప్పుడు మోసగిస్తుందో తేల్చే పని చేపట్టారు.

1990లో ఆయన, లూయిస్ నారెన్స్ కలిసి ఒక నమూనాను ప్రతిపాదించారు. మనసులో రెండు అంతస్తులున్నట్లు ఊహించుకోవాలి. క్రింది అంతస్తులో నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం, తలచుకోవడం జరుగుతాయి. పై అంతస్తు వాటిని గమనిస్తుంది, గమనించినదానిని బట్టి ఆజ్ఞలిస్తుంది. వంటింటి భాషలో చెబితే పులుసు రుచి చూసే నాలుక, ఉప్పు వేసే చెయ్యి. నాలుక చెప్పినదానిని బట్టే చెయ్యి కదులుతుంది. జలుబు చేసి నాలుకకు రుచి తెలియకపోతే చెయ్యి ఎంత నైపుణ్యం గలదైనా పులుసు చెడుతుంది. "వచ్చేసింది, ఇక చదవనక్కర లేదు" అని పుస్తకం మూసే విద్యార్థికి, "అర్థమైంది" అని లేచి వెళ్ళిన నా రోగికి, ఆ మాట నమ్మిన నాకు, ముగ్గురికీ చెడినది నాలుకే.

ఆ నాలుక ఎప్పుడు చెడుతుందో 1991లో నెల్సన్, ఆయన శిష్యుడు జాన్ డన్లాస్కీ ప్రచురించిన ప్రయోగం తేటతెల్లం చేసింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటల జంటలను విద్యార్థులకు చూపారు. మన భాషలో ఏనుగు–దీపం, నిచ్చెన–పెరుగు వంటివి అనుకోండి. ఒక్కొక్క జంటకు "కొంతసేపటి తరువాత మొదటి మాట చూపితే రెండవది చెప్పగలరా? ఎంత నమ్మకం?" అని అడిగారు. కొన్ని జంటలకు ఆ ప్రశ్నను చదివిన మరుక్షణమే అడిగారు. మరికొన్నింటికి మధ్యలో ఇతర జంటలు చదివించి, కొంత వ్యవధి ఇచ్చి, మొదటి మాట మాత్రమే చూపి అడిగారు. తరువాత అసలు పరీక్ష పెట్టి, నమ్మకానికి, ఫలితానికి ఎంత పొంతన ఉందో లెక్కించారు. పొంతన సంపూర్ణంగా ఉంటే 1, ఏమీ లేకపోతే 0. వెంటనే అడిగినప్పుడు అది 0.38 దగ్గర తేలింది. వ్యవధి ఇచ్చి అడిగినప్పుడు 0.90. అదే మనిషి, అదే మనసు. మారినది అడిగిన సమయం ఒక్కటే.

కారణం కష్టమైనది కాదు. చదివిన వెంటనే విషయం మన తాత్కాలిక స్మృతిలో వేడిగా ఉంటుంది. ఆ వేడిని మనం శాశ్వతమైన జ్ఞాపకమని పొరబడతాం. కొంత సమయం గడిచి, ఆ వేడి చల్లారి, ఖాళీ మనసులోనుండి జవాబును వెలికి తీయవలసి వచ్చినప్పుడే దీర్ఘకాలిక స్మృతిలో ఏముందో తెలుస్తుంది. 1992లో వారిద్దరే మరొక మెలిక కూడ చూపారు. వ్యవధి ఇచ్చినా, జంటలోని రెండు మాటలూ కంటికి కనబడుతుండగా అడిగితే ఆ మేలు పోతుంది. జవాబు కళ్ళ ముందు ఉన్నంతసేపు మనసు తనను తాను పరీక్షించుకోదు.

ఈ రెండు ఫలితాలు చదివిన రోజు నా గదిలో ఆ రోగి కూర్చున్న దృశ్యం కళ్ళముందు ఆడింది. చెప్పిన మరుక్షణమే అడిగాను. చీటీ ఆమె చేతిలో ఉండగా అడిగాను. నమ్మకూడని జవాబు రావడానికి కావలసిన ఏర్పాట్లన్నీ నేనే చేశాను.

నెదర్లాండ్స్‌కు చెందిన రాయ్ కెసెల్స్ 2003లో వ్రాసిన ఒక సమీక్షలో, వైద్యులు చెప్పినదానిలో 40 నుండి 80 శాతం వరకు రోగులు వెంటనే మరచిపోతారని, గుర్తుంచుకొన్నదానిలో కూడ సగం దాకా తప్పుగా గుర్తుంటుందని పేర్కొన్నారు. చదువురానివారి సంగతే ఇదని ఎవరూ అనుకోవద్దు. భయం, వయస్సు, ఒక్కసారి వినిపించిన విషయాల సంఖ్య, అర్థం కాని పదాలు, ఇవన్నీ పట్టభద్రుల మీద కూడ సమానంగానే పనిచేస్తాయి. మరచిపోవడం సహజం. మరచిపోతామని ముందుగా తెలియకపోవడమే ప్రమాదం.

ఇక్కడ మన పాత బడులలోని ఒక మాటను తలచుకోవాలి: అప్పజెప్పడం. మా చిన్ననాడు పంతులుగారు పాఠం చెప్పిన రోజున "అర్థమైందా?" అని అడిగేవారు కారు. మరునాడు లేపి, పుస్తకం మూయించి, "ఏదీ, అప్పజెప్పు" అనేవారు. మధ్యలో ఒక రాత్రి గడిచింది, పుస్తకం మూసి ఉంది. నెల్సన్ కోరిన షరతులు రెండూ అందులో ఉన్నాయి. అవధానం చివర ధారణ ఘట్టంలో అవధాని పూరించిన పద్యాలన్నిటినీ తిరిగి చదివి అప్పగించడం ఇటువంటిదే. అందులో బెత్తం కూడ ఉండేదని, నలుగురిలో అవమానం ఉండేదని, అర్థం లేకుండా బట్టీ పట్టిన పిల్లలు ఉండేవారని నాకు తెలుసు. ఆ భాగాన్ని నేను సమర్థించను. బెత్తాన్ని వదిలించుకొనే తొందరలో మనం అప్పజెప్పడాన్ని కూడ వదిలించుకొన్నామేమో అన్నదే నా బాధ.

ఎందుకంటే అప్పజెప్పడం వట్టి పరీక్ష కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి చదవడానికి మారుగా చూడకుండా వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి, 81 శాతం ఎదుట 75. వారం తరువాత పరీక్షిస్తే తారుమారు. మళ్ళీ చదివినవారికి మిగిలినది 42 శాతం, చూడకుండా వ్రాసినవారికి 56. వారి తరువాతి ప్రయోగంలో, పలుమార్లు చదివినవారే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం చూపారు, వారం తరువాత వారే వెనుకబడ్డారు. చదివిన కొద్దీ అక్షరాలు కళ్ళకు పరిచయమై సులువుగా సాగిపోతాయి. ఆ సులువే మనలను మోసగిస్తుంది.

ఇంటర్మీడియట్ చదివే మనుమలు, మనుమరాండ్రు ఉన్నవారికి ఈ సంగతి మరీ ముఖ్యం. ఉదయం అయిదు నుండి రాత్రి పది వరకు స్టడీ అవర్లలో కూర్చోబెట్టే కళాశాలలు మన రెండు రాష్ట్రాలలోను ఉన్నాయి. 1988లో నెల్సన్, లియొనీసియో కలిసి చేసిన పరిశోధన పేరులోనే ఒక వెటకారం ఉంది, 'వృథాశ్రమ ప్రభావం'. బాగా నేర్చుకోవాలని చెప్పగా విద్యార్థులు కష్టమైన అంశాల మీద ఎంతో ఎక్కువ సమయం వెచ్చించారు, కాని ఆ అదనపు సమయానికి తగిన ఫలితం మాత్రం కనబడలేదు. గంటలు పెంచడం వేరు, నేర్చుకోవడం వేరు. నిద్ర కోసి మరీ పెంచిన గంటల గురించి వైద్యుడిగా నాకు చెప్పవలసినది చాలా ఉంది, దానికి ఇంకొక వ్యాసం కావాలి.

తిరిగి వైద్యుని గదికి వద్దాం. రోగి చేత తిరిగి చెప్పించే పద్ధతిని విదేశాలలో 'టీచ్ బ్యాక్' అంటున్నారు. మనకు దానికి కొత్త మాట అక్కరలేదు. చివరి పదిహేనేళ్ళు నేను ఇలా చేసేవాడిని. మందులు చెప్పి, చీటీని బోర్లించి నా దగ్గరే ఉంచుకొని, రక్తపుపోటు చూడడమో, పంట సంగతి అడగడమో చేసేవాడిని. రెండు మూడు నిమిషాల తరువాత, "అమ్మా, నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికి వెళ్ళాక మీ కోడలికి ఈ మందుల సంగతి ఎలా చెబుతారో నాకొకసారి చెప్పండి" అనేవాడిని. 'నేను సరిగా చెప్పానో లేదో' అన్న మాట అలంకారానికి కాదు. పరీక్ష తనకు అని రోగి అనుకొన్న మరుక్షణం నోరు మూతపడుతుంది, బడిలో బెత్తం ముందు నిలబడ్డ పిల్లవాడు గుర్తుకు వస్తాడు. పరీక్ష నాకు.

ఒకావిడ ఇన్సులిన్ సంగతి తిరిగి చెబుతూ, భోజనం మానేసిన పూట కూడ అదే మోతాదు వేసుకొంటానని ఎంతో నిశ్చయంగా చెప్పింది. ఏకాదశి ఉపవాసాలు ఉండే మనిషి. నేను "అర్థమైందా?" అని ఊరుకొని ఉంటే, తరువాతి ఏకాదశి నాడు ఆమె రక్తంలో చక్కెర ఎక్కడికి పడిపోయేదో ఊహించడానికి కూడ భయం వేస్తుంది. మెథోట్రెక్సేట్ వ్రాసినప్పుడు రోజును నేను నిర్ణయించడం మానేసి, "మీకు వారంలో మరువలేని రోజు ఏది?" అని అడిగేవాడిని. శనివారం గుడికి వెళ్ళేవారు శనివారం అనేవారు, సంతకు వెళ్ళేవారు సంతరోజు చెప్పేవారు. మిగిలిన ఆరు రోజులు ఏం చేస్తారని కూడ విడిగా అడిగేవాడిని. ఆ ప్రశ్న దగ్గరే తప్పులు బయటపడేవి.

దీనికి తీరిక ఎక్కడిదని సహ వైద్యులు నన్ను చాలాసార్లు నిలదీశారు. వారి ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వాసుపత్రిలో ఒక పూటలో వందమందిని చూసే వైద్యునికి ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు మాట్లాడే వీలు లేదు. అందుకే అన్నిటికీ కాకపోయినా కొన్నిటికైనా చేయమంటాను. ఇన్సులిన్, వార్ఫరిన్, మెథోట్రెక్సేట్, పీల్చే మందులు, స్టెరాయిడ్లు, పొరబాటు చేస్తే ప్రాణానికి ముప్పు తెచ్చేవి ఇవి. ఈ పని వైద్యుడే చేయాలనీ లేదు. నర్సు చేయవచ్చు, మందుల దుకాణంలో ఫార్మసిస్టు చేయవచ్చు, బయట వరుసలో కూర్చున్న కూతురు చేయవచ్చు. ఆ మాటకు వస్తే ఫార్మసిస్టుకు అవకాశం ఎక్కువ. రోగి నా గది దాటి దుకాణం చేరేసరికి కావలసిన వ్యవధి దానంతట అదే గడుస్తుంది.

ఒక ఆక్షేపణను దాచకూడదు. సంబంధం లేని మాటల జంటలు చదివే ఆరోగ్యవంతులైన యువ విద్యార్థుల మనసు ఒకటి, క్యాన్సర్ అన్న మాట అప్పుడే విన్న మనిషి మనసు ఒకటి. ప్రయోగశాల అంకెలను నేరుగా ఆసుపత్రికి తరలించలేం. బార్బరా స్పెల్‌మన్, రాబర్ట్ బియార్క్ 1992లోనే నెల్సన్ ఫలితానికి వేరొక భాష్యం చెప్పారు. వ్యవధి తరువాత అడిగినప్పుడు మనిషి జవాబును తలచుకొనే ప్రయత్నం చేస్తాడు, ఆ ప్రయత్నమే జ్ఞాపకాన్ని బలపరుస్తుంది, కనుక జోస్యం తనను తాను నిజం చేసుకొంటుందని వారి వాదన. శాస్త్రజ్ఞులకు ఇది తేల్చుకోవలసిన వివాదం. రోగికి మాత్రం రెండు విధాలా లాభమే. కొలబద్దగా పనిచేసినా, మందుగా పనిచేసినా, అడగడమే మేలు.

జ్ఞాపకం ఒకటి, దానిని గమనించే కన్ను మరొకటి అనడానికి నెల్సన్ బృందం ఎవరెస్టు వరకు వెళ్ళింది. కాఠ్మండూలో, 5,400 మీటర్ల ఎత్తున బేస్ క్యాంపులో, ఇంకా పైన 6,500 మీటర్ల దగ్గర పర్వతారోహకులను సామాన్య విజ్ఞాన ప్రశ్నలు అడిగారు. ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ప్రాణవాయువు అంతగా పలుచనైన ఎత్తులో కూడ వారు చెప్పగలిగిన జవాబులు తగ్గలేదు. తగ్గినది తెలుసునన్న భావన. తమ బుఱ్ఱలో ఉన్నది ఉన్నట్టే ఉన్నా, ఉందన్న నమ్మకం సడలింది.

దీనికి ఎదురుకొసన ఉన్నవారిని నేను నా గదిలో చూశాను. జ్ఞాపకం తగ్గిందని వచ్చే పెద్దవారు రెండు రకాలు. ఒకరు ఒంటరిగా వచ్చి, ఏయే రోజు ఏమి మరచిపోయారో కాగితం మీద వ్రాసుకొని వచ్చి మరీ ఏకరువు పెడతారు. వీరిలో చాలామందికి ఉన్నది దిగులో, నిద్రలేమో, వయస్సుతో వచ్చే మామూలు మందగింపో. మరొకరిని కొడుకో భార్యో వెంటబెట్టుకొని వస్తారు. ఏమండీ ఇబ్బంది అంటే, "నాకేం లేదు, వీళ్ళే తీసుకొచ్చారు" అని నవ్వుతారు. ప్రశ్న అడిగితే జవాబు కోసం భార్య వైపు తల తిప్పుతారు. నాకు ఎక్కువ భయం వేసేది ఈ రెండవవారిని చూసే. అల్జైమర్స్ వ్యాధిలో జ్ఞాపకంతో పాటు, అది పోతున్నదని చెప్పవలసిన ఎరుక కూడ చాలామందిలో దెబ్బతింటుంది. వారిని "ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోరు" అని విసుగుకొనే కుటుంబసభ్యులకు నేను చెప్పేది ఇదే. అది మొండితనం కాదు, వ్యాధిలో భాగం. అయితే మొదటి రకం వారిని కూడ "మీకేం లేదు పొండి" అని పంపివేయకూడదు. థైరాయిడ్, బి12, దిగులు, వాడుతున్న మందులు, ఇవి చూడవలసిందే. వాటిలో కొన్ని నయం చేయగలిగినవి.

ఇప్పుడు నేను బల్లకు రెండవవైపుకు చేరాను. క్రిందటి ఏడాది గుండె వైద్యుని దగ్గరకు వెళ్ళాను. నాకంటె ముప్పై ఏళ్ళు చిన్నవాడు, సమర్థుడు, మర్యాదస్థుడు. నాలుగు మందులు వ్రాసి, ఒక్కొక్కటి వేలితో చూపి వివరించి, "అర్థమైందా సార్?" అన్నాడు. ఈ వ్యాసంలో వ్రాసినదంతా తెలిసిన నేను, "అర్థమైంది బాబూ" అన్నాను. కారులో కూర్చున్నాక చీటీ మడిచి జేబులో పెట్టుకొని నాకు నేనే అప్పజెప్పుకోబోయాను. మొదటి రెండూ వచ్చాయి. మూడవది ఉదయమా రాత్రా అన్నది రాలేదు. నాలుగవది పదిహేను రోజులకా, నెలకా అని తటపటాయించాను. చీటీ తీసి చూస్తే, ఆ గడి ఖాళీగా ఉంది, ఆయన నోటితో చెప్పి వ్రాయడం మరచిపోయాడు. మా అబ్బాయి చేత కారు వెనుకకు త్రిప్పించాను.